కుక్కపిల్ల ఎదుగుదల: తొలి వయసు శస్త్రచికిత్స, నిర్బంధ పోషణల ప్రభావం

తోటల కాపలాకు లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్దజాతి కుక్కపిల్లలను తెచ్చుకునే రైతులకు సాధారణంగా రెండు సందేహాలు కలుగుతాయి. పిల్లకు సంతాన నిరోధక శస్త్రచికిత్స ఎప్పుడు చేయించాలి? ఎంతకాలం కట్టి ఉంచాలి? వీటిని వేర్వేరు ప్రశ్నలుగా చూడడం పరిపాటి. నిజానికి రెండూ ఒకే అస్థిపంజరంపై, ఇంచుమించు ఒకే కాలంలో ప్రభావం చూపుతాయి.

సేద్యపు కోడెకు లేత వయసులో విత్తుకొట్టరాదన్నది మన రైతులకు కొత్త విషయం కాదు. మెడ, మూపురం బలపడిన తరువాతనే, రెండు మూడేళ్ల వయసులో, ఆ పని చేయించేవారు. తొందరపడితే కాళ్లు పొడవై, మెడ సన్నబడిన ఎద్దు మిగులుతుంది. కుక్కకూ ఇదే శరీరధర్మం వర్తిస్తుంది.

పొడవాటి ఎముకల చివరల మృదులాస్థితో కూడిన వృద్ధి ఫలకాలుంటాయి. యౌవనారంభంలో వెలువడే లైంగిక హార్మోన్లు, ముఖ్యంగా ఈస్ట్రోజన్, వీటిని మూసివేస్తాయి. మగపిల్లలో సైతం టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజన్‌గా మారి ఈ పనికి తోడ్పడుతుంది. బీజకోశాలను ముందే తొలగిస్తే ఈ సంకేతం ఆలస్యమవుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 వారాల వయసులో, 7 నెలల వయసులో శస్త్రచికిత్స చేసిన పిల్లలను, చేయని పిల్లలతో పోల్చి 1991లో ఫలితాలు ప్రచురించారు. శస్త్రచికిత్స జరిగిన రెండు వర్గాలలోనూ ఫలకాలు ఆలస్యంగా మూసుకున్నాయి. ఎముక పెరిగే వేగం మారలేదు, పెరిగే కాలం మాత్రమే పొడిగింది. విద్యార్థులు తరచుగా పొరబడేది ఈ భేదం వద్దనే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో బెంజమిన్ హార్ట్ బృందం 759 గోల్డెన్ రిట్రీవర్ల వైద్య రికార్డులను పరిశీలించి 2013లో ఫలితాలు వెల్లడించింది. ఏడాదిలోపు శస్త్రచికిత్స జరిగిన మగకుక్కలలో హిప్ డిస్ప్లేసియా అనే తుంటికీలు లోపం సుమారు 10 శాతం, జరగనివాటిలో 5 శాతం. మోకాలి ముందరి సంధిబంధనం తెగడం శస్త్రచికిత్స జరగనివాటిలో కనిపించనే లేదు. తొలి వయసులో జరిగిన మగవాటిలో అది 5 శాతం, ఆడవాటిలో దాదాపు 8 శాతం. ఇది ఆసుపత్రి రికార్డుల అధ్యయనమే తప్ప నియంత్రిత ప్రయోగం కాదు. పైగా అదే బృందం 2020లో 35 జాతులను పరిశీలించగా, చిన్నజాతులలో కీళ్ల వ్యాధులు చెప్పుకోదగినంతగా పెరగలేదు. కనుక అన్ని కుక్కలకూ ఒకే వయసు నిర్ణయించడం శాస్త్రీయం కాదు.

కట్టివేత, నేల, సాంగత్యం

నిర్బంధం వల్ల కలిగే నష్టం మరింత ముందుగా మొదలవుతుంది. నార్వేలో నాలుగు పెద్దజాతులపై జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, మూడు నెలలలోపు ఆరుబయట స్వేచ్ఛగా తిరిగిన పిల్లలకు తుంటికీలు లోపం ముప్పు తగ్గింది. ఆ వయసులో రోజూ మెట్లెక్కి దిగినవాటికి పెరిగింది. అంటే కేవలం కదలిక చాలదు, ఎటువంటి నేలపై కదులుతుందన్నదీ ముఖ్యమే. గొలుసు విప్పి నున్నటి గ్రానైట్ గచ్చుపై వదిలితే సమస్య తీరదు. పొలం గట్టు, గడ్డినేల మేలు.

మనస్తత్వం విషయానికి వస్తే, 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ ప్రచురించిన ప్రయోగం నేటికీ ప్రామాణికమే. 14 వారాల వరకు మనిషి సాంగత్యం లేకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత మనుషులకు చేరువ కావడం అతి కష్టమైంది. ఇక్కడే అసలు చిక్కు. టీకాలు పూర్తయ్యేవరకు, అంటే దాదాపు 16 వారాల వరకు, పిల్లను బయటకు తీయవద్దని చెప్పడం మామూలు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి నిలుస్తుంది కనుక ఆ జాగ్రత్త అర్థరహితం కాదు. అయితే అప్పటికి సాంగత్యం అలవడే దశ ముగిసిపోతుంది. సొంత పెరడు, టీకాలు పొందిన కుక్కలు, ఇంటికి వచ్చిపోయే పనివారు, పిల్లలు: వీటి నడుమ పెంచడమే నాకు తోచిన మధ్యేమార్గం.

పెద్దజాతి మగపిల్లకు ఎదుగుదల పూర్తయ్యేవరకు, సుమారు 12 నుంచి 18 నెలల వరకు, శస్త్రచికిత్స వాయిదా వేయడం ఉచితం. ఆడపిల్ల విషయంలో స్తన కణితులు, గర్భాశయంలో చీము వంటి ముప్పులను కూడా పశువైద్యునితో తర్కించి నిర్ణయించాలి. ఈ గణాంకాలను చూపి వీధికుక్కల జనన నియంత్రణను ఆపమనడం మాత్రం అసంగతం. అక్కడ రేబీస్, సంఖ్యా నియంత్రణలే ప్రధానం.

శస్త్రచికిత్స తరువాత శక్తి అవసరం తగ్గి ఆకలి పెరుగుతుంది. అప్పుడే గొలుసు వేసి, పాత కొలతలోనే అన్నం పెడితే పెరిగిన బరువంతా ఆ కీళ్లపైనే పడుతుంది. ఆ వారం నుంచే మేత తగ్గించి, పక్కటెముకలు చేతికి తగిలే స్థితిలో కుక్కను ఉంచాలి.