డాక్ ఏ అంచున ఉండాలి?

కంప్యూటర్ తెర అంచున చిన్న చిన్న బొమ్మల వరుసను చూశారు కదా! తరచు వాడే ప్రోగ్రాములను అందించే ఆ పట్టీయే డాక్. ఉబుంటులో సెట్టింగ్స్ తెరిచి దాని స్థానం మార్చుకోవచ్చు. అడుగున మేలా, పక్కన మేలా? లెక్క కట్టండి.

తెర వెడల్పు 1920, ఎత్తు 1080 పిక్సెళ్ళు. డాక్ మందం 60 అనుకుందాం. అడుగున ఉంటే 1920 × 60 = 1,15,200 పిక్సెళ్ళు ఆక్రమిస్తుంది. పక్కన ఉంటే 1080 × 60 = 64,800 మాత్రమే! పాఠం చదవడానికి కావలసిన ఎత్తు కూడా తగ్గదు.

మరి అంచునే ఎందుకు? మౌసును ఎంత విసురుగా తోసినా బాణం గుర్తు అంచు దగ్గర ఆగిపోతుంది, గురి దాటిపోదు. గురి పెద్దదైతే త్వరగా అందుతుందని పాల్ ఫిట్స్ 1954లో ప్రయోగాలతో చూపాడు. కనుక బొమ్మలను మరీ చిన్నవి చేయకండి. రోజూ వాడనివి తీసివేయండి. డాక్ నుంచి బొమ్మ పోయినా ప్రోగ్రాము పోదు సుమా!