జీపు ఇరుసునుండి చమురు కారుట

తుక్కుగూడ ప్రాంతమున పాత జీపులు గల సభ్యులకు ఈ నెల పాఠము. పూర్వము మహీంద్రా వారు బొంబాయిలో విల్లీసు జీపులను కూర్ప నారంభించిరి. నాలుగు చక్రములకును బలమందు ఆ జాతి బండ్లు పొలపు దారులకు తగినవే గాని, ముదిరినకొలది ఇరుసువద్ద చమురు కార్చును.

చక్రము లోపలి ప్రక్కను తడి కనబడినచో, ముందు దానిని వ్రేళ్లతో నలిపి చూడవలెను. పలుచనిది బ్రేకు నూనె. చిక్కగా నుండి ఘాటుగా వాసన గొట్టునది ఇరుసు చమురు. పలువురు వెంటనే క్రొత్త సీలు వేయింతురు. నెల తిరుగకముందే మరల కారును. మా అభిప్రాయమున, ఇరుసు గొట్టముపై నుండు చిన్న గాలిరంధ్రమును తొలుత చూడవలెను. బండి నడచునపుడు లోని గాలి వేడెక్కి వ్యాకోచించును. రంధ్రము మన్నుతో పూడినయెడల ఆ ఒత్తిడి చమురును సీలు దాటించును. చమురు మితిమీరి పోసినను ఇట్లే జరుగును. బండి సమతలమున నుండగా, పోయు రంధ్రపు క్రింది అంచువరకే చాలును.

అటుపిమ్మటనే సీలు. సీలు ఆను చోట ఇరుసుకడ్డీపై గోటికి గాడి తగిలినను, బేరింగు వదులై చక్రము ఊగినను క్రొత్త సీలు నిలువదు. స్ప్రింగు గల ముఖము చమురువైపు నుంచి, అంచునకు చమురు రాచి, వంకర పోకుండ చుట్టును సమముగా కొట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు.

చమురు త్రాగిన బ్రేకు షూలను కాల్చి ఆరబెట్టి మరల వాడువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఒక చక్రము పట్టి మరియొకటి పట్టనిచో, మనుష్యులతో నిండిన బండి ప్రక్కకు లాగును. రెండు ప్రక్కల షూలను ఒకేసారి మార్పింపవలెను.