రెండవసారి చేతులుంచిన ప్రభువు

శుక్లం ఆపరేషన్ అయి కట్టు విప్పగానే "ఇంకా మసకగానే ఉందండీ" అని దిగులుపడేవారు బేత్సయిదా గ్రుడ్డివాణ్ణి తలచుకోవాలి. ఈ స్వస్థత మార్కు సువార్తలో మాత్రమే ఉంది (8:22-26). యేసు అతని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి తీసుకువెళ్ళాడు. మొదట అతనికి మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. ఏమైనా కనబడుతోందా అని ప్రభువే అడిగితే, అతడు మొహమాటపడక ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రభువు విసుక్కోలేదు, మళ్ళీ కన్నులమీద చేతులుంచాడు. అప్పుడు అంతా తేటగా కనబడింది.

ఆ తర్వాతి వచనాల్లోనే పేతురు యేసును క్రీస్తని ఒప్పుకొన్నాడు. శ్రమల మాట వినగానే ఆయననే గద్దించాడు. శిష్యునిదీ సగం చూపే! అయినా ప్రభువు అతణ్ణి విడిచిపెట్టలేదు.

మీరూ డాక్టరుగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొద్దిరోజుల మసక మామూలే. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి రండి.