డిస్కు నుండి డౌన్‌లోడునకు

మన సంచికలో ఉర్దూ కుడి నుండి, తెలుగు ఎడమ నుండి సాగును. ఒకప్పుడు ఈ రెండింటికి రెండు పెట్టెలు కొనవలసి యుండెను: నస్తాలీఖ్ లిపికి 1994లో వెలువడిన ఇన్‌పేజ్, తెలుగునకు అను స్క్రిప్టు మేనేజరు. పెట్టెలో డిస్కుతో పాటు కంప్యూటరు వెనుక తగిలించు చిన్న తాళమును ఇచ్చెడివారు. కనుక మండపేట వంటి పట్టణమున వ్రాతప్రతి పట్టుకొని, ఆ తాళము గల డీటీపీ కేంద్రమునే ఆశ్రయించితిమి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చెను (మన డెల్టా నదీపాయ పేరే!). 2005లో కేంద్ర ప్రభుత్వము తెలుగు ఫాంటులను ఉచితముగా పంచెను, అదియు సీడీయే. 2014లో గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ డౌన్‌లోడుగా ఉచితముగా లభించెను.

అయితే పెట్టె పోవుట కంటె పెద్ద మార్పు మరియొకటి కలదు. పాత డీటీపీ ఫాంటులు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను అమర్చినవి. ఆ ఫాంటు లేని యంత్రమున 'అమ్మ' అను మాటయే అర్థములేని గుర్తులగును. యూనికోడులో 'అ'కారమునకు 0C05 అను స్థిరసంఖ్య కలదు. ఏ ఫాంటు దింపుకొన్నను అది 'అ'యే.

నేటి ల్యాప్‌టాపులలో పెక్కింటికి డిస్కు అరయే లేదు. కావున సీడీలలోని పాత సంచికలను యూనికోడులోనికి మార్చు పనిని కళాశాల సంఘము వారు ఈ యేడే చేపట్టవలెనని మా మనవి. టైపు చేయుటకు మేము సిద్ధము.