పాఠం విసుగొచ్చిందా, వీడియో ఆగిందా?

భిలాయ్ టౌన్‌షిప్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. 1959లో స్టీల్ ప్లాంటు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన రోజుల్లో ఇక్కడికి వచ్చినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. తెలుగు గలగలా మాట్లాడతారు కానీ, చదవమంటే హిందీ అక్షరాల్లో రాసివ్వమంటారు. అలాంటి పిల్లల కోసం మా ఆవిడ ఆదివారాలు గుణింతాలు, ఒత్తులు చెబుతూ వీడియోలు తీస్తుంది. అవి చూడటానికి చిన్న ఆండ్రాయిడ్ యాప్ నేను రాసిపెట్టాను.

పోయిన వేసవిలో ఆమె, "ఇంక చెప్పనండీ. సగంలోనే వెళ్లిపోతున్నారు, నా పాఠం విసుగ్గా ఉన్నట్టుంది" అంది. యాప్ లెక్కలూ ఆ మాటే అంటున్నాయి. కానీ విసుగొస్తే అందరూ ఇంచుమించు ఒకే చోట లేవాలి కదా? వీళ్లు తలా ఒక చోట లేచారు. వీడియో మధ్యలో ఆగిపోతోందేమోనని అనుమానం వచ్చింది.

బఫర్ అంటే మేడ మీద నీళ్ల ట్యాంకు లాంటిది. నెట్ నుంచి వచ్చే వీడియో ముందు అందులో నిండుతుంది, ప్లేయర్ అందులోంచి వాడుకుంటుంది. సెకనుకు 2.5 మెగాబిట్లు కావలసిన వీడియోకి నెట్ 1 మెగాబిట్ మాత్రమే ఇస్తే, ముందుగా 30 సెకన్ల వీడియో నిల్వ ఉన్నా 50 సెకన్లలో ట్యాంకు ఖాళీ. చక్రం తిరగడం మొదలవుతుంది.

దీన్ని యాప్ పట్టుకోవడం కష్టం కాదు. ఎక్సోప్లేయర్ తన స్థితి మారినప్పుడల్లా కబురు చెబుతుంది: ఖాళీగా ఉన్నాను, బఫరింగ్‌లో ఉన్నాను, సిద్ధం, అయిపోయింది. అయితే 'బఫరింగ్' అన్నంతమాత్రాన వీడియో ఆగినట్టు కాదు. పాఠం తెరవగానే ఒకసారి అంటుంది, పిల్లవాడు వేలితో ముందుకు జరిపినా అంటుంది. ఈ రెండూ తీసేసి, పిల్లవాడు పాజ్ నొక్కలేదని చూసుకుని, మిగిలినదాన్నే అసలైన ఆగుడుగా లెక్కించాలి.

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. బఫరింగ్ మొదలైన సమయం గుర్తుపెట్టుకుని, మళ్లీ 'సిద్ధం' అన్నప్పుడు తేడా రాయించాను. ఆగుళ్లు చాలా తక్కువగా కనిపించాయి. మా ఆవిడ మాటే నిజమనుకుని రెండు వారాలు ఊరుకున్నాను కూడా! తీరా చూస్తే, చక్రం తిరుగుతుండగానే విసిగి యాప్ మూసేసిన పిల్లవాడికి ఆ 'సిద్ధం' ఎప్పటికీ రాదు. నాకు కావలసిన పిల్లలే లెక్కలో లేరు. తెర మూసేటప్పుడు కూడా, తెరిచి ఉన్న ఆగుడిని ముగించి రాయమని రెండు వరుసలు చేర్చాను. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాయించలేదు, పిల్లల వ్యవహారం కదా.

ఆ ఆదివారం చూస్తే, సగంలో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది చక్రం చూస్తూనే వెళ్లారు. బోర్డు మీద అక్షరాలకు అంత పెద్ద వీడియో ఎందుకు? ఒకే పాఠాన్ని మూడు సైజుల్లో పెట్టి, నెట్‌ను బట్టి ప్లేయరే మార్చుకునేలా హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతికి మార్చాను. ఆపిల్ 2009లో తెచ్చిన పద్ధతే అది.

మా ఆవిడ ఇప్పుడు ద్విత్వాక్షరాల్లో ఉంది. 'అమ్మ', 'అక్క' అయ్యాయి. వచ్చే ఆదివారం 'తొక్కుడుబిళ్ల'.