మార్చిన సెట్టింగులను నమ్మవచ్చా?

ప్రశ్న: చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు అమ్మే వెబ్‌సైటు మాది. అపాచీ వెబ్ సర్వరు నుంచి ఎన్జింక్స్‌కు మారుతున్నాం. సెట్టింగులను మార్చిపెట్టే స్క్రిప్టు, బ్రౌజరు నుంచే సర్వరును నడిపే వెబ్‌మిన్ ఉంటే చాలా? నాకు కమాండ్లు రావు.
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: చాలావరకు పని అయిపోతుందమ్మా, కానీ కళ్లు మూసుకుని నమ్మకండి. అపాచీ, దానికి అనుమతి ఇచ్చి ఉంటే, ప్రతి ఫోల్డరులోనూ నిబంధనలుండే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలు కోసం వెతుకుతుంది. ఎన్జింక్స్ దాన్ని అసలు చదవదు. స్క్రిప్టులు పాత నిబంధనలను వరస వెంట వరసగా మారుస్తాయి. 'ఫైలు ఉంటే చూపు, లేకుంటే ఇండెక్స్ పేజీకి పంపు' అన్నది అనవసరమైన 'ఇఫ్'లుగా దిగుతుంది. వాటి బదులు 'ట్రై_ఫైల్స్' వరస ఒక్కటి చాలు.

నా బెంగంతా బిల్లుల గురించే. కొన్నవాళ్ల చిరునామాలున్న ఫోల్డరును ఎవరూ తెరవకుండా అందులోని చిన్న డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలే కాపాడుతూ ఉండొచ్చు. దాన్ని స్క్రిప్టుకు ఇవ్వడం మరిచిపోతే సైటు చక్కగా నడుస్తుంది, బిల్లులూ అందరికీ కనబడతాయి. అందుకే లోపలి ఫోల్డర్లన్నీ వెతికించండి. మార్చాక లాగిన్ కాకుండా ఒక బిల్లు లింకు బ్రౌజరులో కొట్టండి. 403, అంటే 'అనుమతి లేదు' అన్న జవాబు రావాలి.

ఎన్జింక్స్ మాడ్యూల్ ఉంటే వెబ్‌మిన్ మంచిదే. అయితే అది రూట్ అధికారంతో నడుస్తుంది. దాని 10000 పోర్టును ఊరందరికీ తెరిచిపెట్టవద్దు. కమాండ్లలో 'ఎన్జింక్స్ మైనస్ టీ' ఒక్కటైనా నేర్చుకోండి, సెట్టింగుల్లో తప్పున్న వరస నంబరు చెబుతుంది.

అంత తొందర లేకపోతే ఎన్జింక్స్‌ను ముందు పెట్టి, వెనక అపాచీనే ఉంచండి. వచ్చే అభ్యర్థనలన్నీ అపాచీకే పంపితే పాత నిబంధనలు మార్చే పని దాదాపు ఉండదు. మీ సైటుకు నేను చెప్పేది ఇదే.