నెలసరి తప్పినచో పరీక్షకు వెనుదీయరాదు

మన గ్రామములలో కొందఱు యువతులకు నెలసరి సక్రమముగా రాదు. ముఖముపై వెండ్రుకలు, మొటిమలు హెచ్చును; కొందఱు బరువెక్కుదురు. ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో యని ఇంటివారు సంగతి దాచుదురు. వైద్యులు దీనిని పి.సి.ఓ.ఎస్. అందురు. 1935లో స్టెయిన్, లెవెంతాల్ అను అమెరికా వైద్యులు దీనిని వర్ణించిరి. సంతానవయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి ఇది కలదని అంచనా.

పురుష హార్మోనులు హెచ్చుటచేతను, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవుటచేతను అండము సకాలమున విడుదల కాదు. ఇది శాపము కాదు, నడవడిలోని దోషమును కాదు. ఉపేక్షించినచో మధుమేహము రావచ్చును. ఏండ్ల తరబడి నెలసరి రానిచో గర్భాశయపు లోపొరకు క్యాన్సరు ముప్పు పెరుగును.

రజస్వలయైన తొలి యేండ్లలో నెలసరి కొంత తప్పుట సహజమే. మూడు మాసములు దాటినను రానిచో వైద్యురాలికి చూపవలెను.

పెండ్లికాని బాలికకు లోపలి పరీక్ష చేయుదురేమో యను భయము పలువురిని ఆపుచున్నది. వైద్యురాలు మొదట నెలసరి వివరము లడుగును. బరువు, రక్తపోటు చూచి రక్తపరీక్ష చేయించును. స్కానింగు అవసరమైనను పొట్టపైనుండియే చేయవచ్చును. తల్లిని తోడుంచుకొనవచ్చును; సమ్మతి లేనిదే ఏ పరీక్షయు చేయరాదు.

దీనిని సమూలముగా పోగొట్టు మందు లేదు. అయినను నిత్యము నడక, మితాహారము, వైద్యులిచ్చు మందులతో అదుపులో నుండును. చికిత్సతో పెక్కుమందికి సంతానమును కలుగును.

పంచాయతీ సభ్యులు ఆశా కార్యకర్తచే ఈ విషయము ఇంటింట చెప్పింపవలెనని కోరుచున్నాము. సంతానము లేని యువతిని గొడ్రాలని నిందించుట మాన్పించుటయు మన బాధ్యతయే.